అప్‌డేట్: లారీ డ్రైవర్లను వదిలేశాను

పోయిన నెల అడిగాను కదా, ఐదేళ్ల హెచ్‌ఐవీ అధ్యయనానికి చిత్తూరు మీదుగా చెన్నై–బెంగళూరు తిరిగే లారీ డ్రైవర్లను తీసుకోవాలా, తిరుపతిలో ఏఆర్‌టీ మందులకు (హెచ్‌ఐవీని అదుపులో ఉంచేవి) వచ్చేవాళ్లనా అని. డ్రైవర్లను వదిలేశాను. ఈరోజు పలమనేరులో కనబడిన మనిషి ఆర్నెల్లకు ఎక్కడుంటాడో!

మీలో ఒకరు పెట్టిన మెలికే అసలైంది. ఏళ్లుగా మందులు వాడుతున్నవాళ్లనే తీసుకుంటే, మధ్యలో మానేసినవాళ్లు, చనిపోయినవాళ్లు లెక్కలోకే రారు. ఫలితాలు ఉన్నదానికంటే బాగా కనిపిస్తాయి. అందుకే కొత్తగా నమోదైనవాళ్లను మొదటి రోజు నుంచే చేర్చుకుంటాం, ఆడవాళ్లతో సహా. (అమెరికాలో 1984లో మొదలైన మ్యాక్స్ అనే హెచ్‌ఐవీ అధ్యయనం పురుషులదే, ఆడవాళ్ల కోసం 1993లో ఇంకోటి పెట్టాల్సొచ్చింది.)

2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం సమ్మతి తప్పనిసరి. ఇంటికి ఫోన్ చేయొచ్చా అన్నది సమ్మతి పత్రంలోనే విడిగా అడుగుతున్నాం. అధ్యయనానికి అనుమతివ్వాల్సిన ఎథిక్స్ కమిటీ ఇంకా పిలవలేదు, అదే టెన్షన్.