బూచాడు, బకాసురుడు: పిల్లలకు ఈ కథలు చెప్పాలా?

నిద్రలేని అమ్మ: మావాడికి నాలుగేళ్ళు. అన్నం తినకపోతే బూచాడికి పట్టిస్తానని మా అత్తయ్య రోజూ అంటారు. ఇప్పుడు రాత్రిపూట బాత్రూమ్‌కి కూడా ఒక్కడే వెళ్ళడు, నేను తోడు నిలబడాలి. ఈ బూచాళ్ళు, రాక్షసులు లేకపోతే పిల్లలు పెరగరా? కథలన్నీ మాన్పించేద్దామనుకుంటున్నా.

పాతపుస్తకం: బూచాడిని మాన్పించండి, రాక్షసుల్ని కాదు. బూచాడికి పేరు లేదు, ఊరు లేదు, చావు లేదు, అందుకే మంచం కింద నుంచి కదలడు. బకాసురుడి దగ్గర అంతా లెక్కే. ఏకచక్రపురం పక్కన ఉంటాడు, బండెడు అన్నం, రెండు దున్నలు, తోలుకొచ్చిన మనిషి, ఇంటికో వంతు. చివరికి భీముడు నడుం విరిచేస్తాడు, పిల్లాడు హాయిగా పడుకుంటాడు. ఇంకోటి, అందర్నీ కలిపి రాక్షసులు అనెయ్యడం మన సినిమాల పుణ్యం. దితి కొడుకులు దైత్యులు, దనువు కొడుకులు దానవులు. ఉత్తరకాండలో అయితే, నీళ్ళని కాపాడమని బ్రహ్మ పుట్టించినవాళ్ళలో ‘రక్షిస్తాం’ అన్నవాళ్ళే రాక్షసులు. అంటే కావలివాళ్ళు!

గోదారిగట్టు: తొంభైల్లో మా వీధి వీధంతా తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాశారు. మా నాన్న సైన్సు మాస్టారు. ఆయనా రాశారు.

చెరువుకట్ట: కావలివాళ్ళో కాదో నాకు తెలీదు గానీ పాతపుస్తకం గారూ, మీరు చెప్పినదాంట్లో ఇంటికో వంతు అన్న ముక్క దగ్గర ఆగండి. నాకు బకాసురుడి కన్నా వంతులేసుకున్న ఆ ఊరే భయం.

పాతపుస్తకం: ఊరు ఏం చేస్తుందండీ, బలవంతుడి ముందు? కథని కథలా చదవాలి.

చెరువుకట్ట: చదివాను. మాది మెదక్ వైపు పల్లె. మా నాయనమ్మకి మొగుడు పోయాడు, నాటు మందులు తెలుసు, చెరువు కింద అరెకరం ఉంది. పక్కింటి పిల్లకి జ్వరం తగ్గకపోతే బాణామతి చేసిందన్నారు. పళ్ళూడగొడితే మంత్రం పారదట, దానికి పంచాయితీ పెట్టారు. మా నాన్న రాత్రికి రాత్రి ఆమెని పట్నం తీసుకొచ్చాడు. అరెకరం ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో చెప్పను, మీరే అనుకోండి.

చిన్నలాయర్: బీహార్ 1999లో, జార్ఖండ్ 2001లో, మహారాష్ట్ర 2013లో ఇలాంటివాటి మీద ప్రత్యేక చట్టాలు తెచ్చాయి.

పాతపుస్తకం: చాలా బాధాకరం. కానీ ఆమెని అన్నది మంత్రగత్తె అని, రాక్షసి అని కాదు కదా. రెండూ వేరు. చర్చ దారి తప్పుతోంది.

చెరువుకట్ట: మీకు ఇప్పుడు కూడా పేర్లే కావాలా! రాక్షసి బొమ్మ గీయమంటే మీ పిల్లలు ఏం గీస్తారు? నల్లటి ఒళ్ళు, విరబోసిన జుట్టు, బయటికొచ్చిన పళ్ళు. మా నాయనమ్మ నల్లగా ఉండేది, చివర్లో జుట్టు ముడేసుకునే ఓపిక కూడా లేదు. ఆ బొమ్మ ఊరివాళ్ళ బుర్రలో ముందే ఉంది, మనిషిని వెతుక్కున్నారంతే. మీరు ఆ బొమ్మని ముద్దుగా ఇస్తున్నారు, నా గొడవ అది.

పాతపుస్తకం: అలా అయితే ఘటోత్కచుడి సంగతేంటి? హిడింబి కొడుకు, పుట్టుకతో రాక్షసుడు. 1957లో మాయాబజార్‌లో ఎస్వీ రంగారావుని చూసి ఏ పిల్లాడైనా భయపడ్డాడా? రాక్షసుణ్ణి మనవాడిగా చూడటం కూడా ఆ కథలే నేర్పాయి. బొమ్మని చెరిపేస్తే జనంలో భయం పోదు, ఇంకో బొమ్మ గీసుకుంటారు. కథలో ఉంటే కనీసం మాట్లాడుకోవచ్చు.

చెరువుకట్ట: కర్ణుడు విసిరిన శక్తి అనే ఆయుధానికి ఘటోత్కచుడు చచ్చిన రాత్రి పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు సంతోషించాడు. కర్ణుడు చంపకపోతే వీణ్ణి నేనే చంపాల్సొచ్చేది అన్నాడు కూడా. ఎంత మనవాడైనా అవసరం తీరేదాకానే.

పాతపుస్తకం: ఆ సంతోషం, అర్జునుడి కోసం దాచిన ఆయుధం ఖర్చైపోయి అతనికి గండం తప్పిందని. సందర్భం చూడాలి.

గోదారిగట్టు: మా ఇంటి తలుపు మీద ఆ రాత ఇంకా ఉంది, మొన్న రంగు వేస్తుంటే కింద నుంచి బయటపడింది.

నిద్రలేని అమ్మ: పాతపుస్తకం గారి మాట విని నిన్న రాత్రి బకాసురుడి కథ చెప్పాను. భీముడి దాకా రానివ్వలేదు. బండి లాగిన దున్నల్ని ఎందుకు తినాలి, అవేం చేశాయి అని పదకొండింటిదాకా ఒకటే ఏడుపు.