పది రోజుల కారు కోర్సు మా చెల్లెలికి సరిపోతుందా?

తిరుపతిలో మా చెల్లెలికి కారు నేర్పించాలండి. ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్స్) చేతికొచ్చింది. అది 6 నెలలే చెల్లుతుంది, 30 రోజులు దాటితేగాని డ్రైవింగ్ టెస్ట్ పెట్టరు. మరి రోజుకు రెండు గంటల లెక్కన 10 రోజుల్లో ముగించే కోర్సులో ఇప్పుడే చేర్చొచ్చా, లేక టెస్ట్ తేదీకి ఆనించి పెట్టుకోవాలా? మధ్యలో ఖాళీ వస్తే హాఫ్ క్లచ్ (క్లచ్ పెడల్‌ని సగం వదిలి పట్టుకోవడం) మీద కాలి పట్టు తప్పుతుందని నా భయం.

ఇంకోటి, స్కూల్ కార్లలో మాస్టారి వైపు కూడా క్లచ్, బ్రేక్ ఉంటాయి. ఆయనే తొక్కేస్తుంటే ఎత్తులో బండి వెనక్కి జారకుండా కదిలించడం ఈమెకు ఎప్పటికి వస్తుంది? స్టీరింగ్ ఎలాగోలా వచ్చేస్తుంది, అసలు చిక్కంతా అక్కడే. రివర్స్‌కీ, అలిపిరి వైపు బస్సుల రద్దీలో నడపడానికీ విడిగా ఎన్ని గంటలు అడగాలి? రెండు గంటలు ఏకబిగిన నడిపితే కొత్తవాళ్లకు కాళ్లు, ధ్యాస రెండూ అలిసిపోవా? నేర్పే అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.