మూడు షిఫ్టుల టీమ్‌కి ఆన్‌లైన్ మైండ్‌ఫుల్‌నెస్ కోర్సు: ఎలా ఎంచుకోవాలి?

రుషికొండ_హెచ్ఆర్
కస్టమర్ సపోర్ట్ ఆఫీసు. 36 మంది, మూడు షిఫ్టులు, వారానికోసారి షిఫ్టు మారుతుంది. పని ఒత్తిడి తగ్గడానికి ఆన్‌లైన్ మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణంలో జరిగేదాన్ని ఉన్నదున్నట్టు గమనించే సాధన) కోర్సు పెడదామని యాజమాన్యం ఒప్పుకుంది. మూడు కొటేషన్లు వచ్చాయి: యాప్ చందా, రికార్డు చేసిన వీడియోలు, వారానికోసారి లైవ్ క్లాసు. ఏది తీసుకోవాలి? నైట్ షిఫ్ట్ వాళ్లకి ఎలా కుదర్చాలి? పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది?

మద్దిలపాలెం_శిక్షకురాలు
లైవ్ క్లాసే తీసుకోండి. యాప్ మొదటి వారం అందరూ తెరుస్తారు, తర్వాత అడిగేవాళ్లుండరు కాబట్టి వదిలేస్తారు. “మనసు అస్సలు నిలవట్లేదు, నాకు రాదేమో” అన్న అనుమానం రెండో వారంలోనే వస్తుంది. మనసు పక్కకి పోయిందని గమనించడమే సాధన అని అప్పుడు ఒక మనిషి చెప్పాలి. రికార్డింగ్ ఆ పని చేయలేదు.

ఈ కోర్సుల్లో చాలావాటికి మూలం ఎంబీఎస్ఆర్, అంటే మైండ్‌ఫుల్‌నెస్‌తో ఒత్తిడి తగ్గించే కోర్సు. జాన్ కబాట్-జిన్ 1979లో మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌లో మొదలుపెట్టారు. 8 వారాలు, వారానికి సుమారు రెండున్నర గంటల క్లాసు, ఇంట్లో రోజూ 45 నిమిషాల సాధన, మధ్యలో ఒక పూర్తి రోజు. ఆఫీసులకి అమ్మేవి దీన్ని కుదించినవే. అందుకని ‘ఏం తీసేశారు?’ అని సూటిగా అడగండి. 8 వారాలు ఉంచి క్లాసుని గంటకి తగ్గిస్తే ఒప్పుకోవచ్చు. అంతా రెండు రోజుల వెబినార్‌లో చుట్టేస్తే వద్దు.

12 మంది చొప్పున మూడు బ్యాచ్‌లు చేయండి, కలిసి షిఫ్టు మారేవాళ్లే ఒక బ్యాచ్. లేకపోతే మూడో వారానికి సగం మంది క్లాసు సమయానికి నిద్రలో ఉంటారు. షిఫ్టుతో పాటు క్లాసు టైమూ మారాలని కొటేషన్‌లోనే రాయించండి. క్లాసు గంటని డ్యూటీలో లెక్కకట్టండి, ఆ గంట కాల్స్ వేరేవాళ్లకి మళ్లించండి. ఇది చేయకుండా కోర్సు కొంటే డబ్బు దండగ. తెలుగులో మాట్లాడే గురువు ఉంటే మరీ మంచిది, శరీరంలో తెలిసే బరువూ బిగుతూ సొంత భాషలోనే చెప్పుకోగలం.

మొదటి వారం ఒక ఎండుద్రాక్షని చూసి, తడిమి, వాసన చూసి, నెమ్మదిగా నమిలే సాధన ఉంటుంది. పలాస జీడిపప్పు పలుకైనా సరే, తొందర పడకపోవడమే ముఖ్యం.

స్టీల్‌ప్లాంట్_వెల్‌నెస్
షిఫ్టు సంగతి. పడుకుని చేసే బాడీ స్కాన్ (ఒంట్లో ఒక్కో భాగం మీదికి వరసగా ధ్యాస తీసుకెళ్లడం) నైట్ దిగి ఇంటికొచ్చాక చేయాలి, నిద్ర పట్టేసినా నష్టం లేదు. డ్యూటీకి ముందైతే కుర్చీలో కూర్చుని, కళ్లు సగం తెరిచి 10 నిమిషాలు చాలు.

కాల్స్ మధ్యలో చేసుకునే మూడు నిమిషాల సాధన నేర్పించండి. మొదటి నిమిషం: ఇప్పుడు ఏ ఆలోచన ఉంది, ఒంట్లో ఎక్కడ బిగుసుకుంది, చూడటమే. రెండోది: ఊపిరి ఒక్కచోటే, ముక్కు దగ్గరో పొట్ట దగ్గరో. మూడోది: ధ్యాసని ఒళ్లంతా పరచడం. ఇక్కడ జరిగే తప్పు, ప్రాణాయామం అనుకుని ఊపిరి బలవంతంగా లాగడం. దాంతో తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఊపిరి దానంతటది నడవాలి. క్యాబ్‌లో వెనక సీట్లో చేయొచ్చు కానీ, విశాఖ ఎన్ఏడీ జంక్షన్ దాటుతూ బండి నడిపేవాళ్లు ఆడియో పెట్టుకోకూడదు.

రోస్టర్ కూడా చూసుకోండి. షిఫ్టు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి వరసలో మారితే ఒళ్లు సర్దుకుంటుంది, వెనక్కి తిప్పితే కష్టం. నిద్రకి సమయం లేని మనిషికి ధ్యానం పెట్టి లాభం లేదు.

క్లినికల్_సైకాలజీ_విశాఖ
కోర్సు పనిచేసిందో లేదో కొలవడానికి పీఎస్ఎస్-10 అనే ఒత్తిడి ప్రశ్నావళి వాడండి. 10 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 40. ఎక్కువ వస్తే ఒత్తిడి ఎక్కువ. 4, 5, 7, 8 ప్రశ్నల మార్కులు తిరగేసి (0ని 4గా, 1ని 3గా, అలా) కలపాలి, ఇది మర్చిపోతే ఫలితం చెడుతుంది. అది గడిచిన నెల గురించి అడుగుతుంది, కాబట్టి ప్రతి వారం ఇవ్వకండి. మొదట ఒకసారి, కోర్సయ్యాక ఒకసారి. పేర్లు లేకుండా తీసుకోండి. ఎవరెంత సాధన చేశారన్న యాప్ లెక్కలు మీ టేబుల్ మీదికి రాకూడదు, వస్తే ఎవరూ నిజం రాయరు.

చేరడం ఐచ్ఛికంగానే ఉంచండి. భయంకరమైన అనుభవాలు మోస్తున్నవాళ్లకి, పానిక్ ఎటాక్‌లు వచ్చేవాళ్లకి కళ్లు మూసి ఊపిరిని గమనిస్తే గుండెదడ పెరగొచ్చు. వాళ్లకి కళ్లు తెరిచే, అరికాళ్లకి నేల తగలడమో, చుట్టూ వినిపించే చప్పుళ్లో గమనించమనాలి. ఆపేయడానికి అనుమతి మొదటి క్లాసులోనే చెప్పాలి. ‘ఇలాంటప్పుడు మీరేం చేస్తారు?’ అని గురువుని అడగండి, జవాబు తడబడితే వేరేవాళ్లని చూడండి.

నిద్ర పూర్తిగా పోయినా, చనిపోవాలన్న ఆలోచనలు వచ్చినా అది కోర్సు చూసుకునే విషయం కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ నంబరు 14416, ఉచితం, ఏ వేళైనా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. మన చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఈ రెండూ ప్రతి క్లాసు లింకు కిందే పెట్టండి.

రుషికొండ_హెచ్ఆర్
ధన్యవాదాలండి. పూర్తి రోజు సాధన ఎప్పుడు పెట్టాలి?

మద్దిలపాలెం_శిక్షకురాలు
ఆరో వారం దాటాక, వీక్లీ ఆఫ్ కాని రోజు. సెలవు రోజు లాక్కుంటే సగం మంది రారు.