అప్‌డేట్: మొదటి కెమెరా తీసుకున్నాను

షార్ట్ ఫిల్ములు తీయడం నేర్చుకోవడానికి తక్కువ ఖర్చులో ఏ కెమెరా మంచిదని ఆమధ్య అడిగాను కదా. కెనాన్ ఎం50, పానసోనిక్ జీ7 మధ్య తేల్చుకోలేకపోయాను. చివరికి సెకండ్ హ్యాండ్‌లో జీ7 కొన్నాను. 2015 నాటి మోడలైనా 4కె తీస్తుంది, మైక్ జాక్ ఉంది. ఎం50లో 4కె పెడితే అంచులు కత్తిరించుకుపోయి ఫ్రేములో పట్టే దృశ్యం బాగా తగ్గిపోతుంది, డ్యుయల్ పిక్సెల్ ఆటోఫోకస్ (వేగంగా ఫోకస్ పట్టే కెనాన్ పద్ధతి) కూడా పనిచేయదు. నాకు అదే తేల్చేసింది.

"కెమెరా బాడీ మీద కాదు, సౌండ్ మీద పెట్టు డబ్బులు" అన్నవాళ్లకు చేతులెత్తి దండం. మొదటి సీన్ కెమెరా మైక్‌తోనే తీశాను, ఫ్యాన్ హోరులో డైలాగ్ మునిగిపోయింది. మిగిల్చిన డబ్బుతో వేరే మైక్ కొని, నటుడికి దగ్గరగా పెట్టి మళ్లీ తీశాం. అదే గది, అదే మనిషి, కానీ ఈసారి ప్రతి మాటా గుండెకు తాకింది! అయితే జీ7కి హెడ్‌ఫోన్ జాక్ లేదు. అందుకే ప్రతి టేకూ ప్లే చేసి విన్నాకే ముందుకు వెళ్తున్నాం.

ఎవరూ చెప్పనిది ఒకటుంది. ఎండలో సెకనుకు 25 ఫ్రేములు తీస్తూ, కదలిక సహజంగా కనిపించేలా షటర్ స్పీడు 1/50 సెకను దగ్గర ఉంచాలంటే ఎన్‌డీ ఫిల్టర్ (లెన్సు ముందు పెట్టి వెలుతురు తగ్గించే ముదురు అద్దం) కావాలి. లేకపోతే ఎపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) మూసుకుంటూ పోవాలి, వెనకాల బ్లర్ పోతుంది. తర్వాత కొనేది అదే.