అంబాసిడర్ ముందు డ్రమ్ బ్రేకు మళ్లీ పట్టేస్తోంది

మా 1986 అంబాసిడర్ మార్క్ 4 మూడేళ్లు షెడ్డులో కదలకుండా ఉండి, ముందు ఎడమ చక్రం బిగుసుకుపోయింది. సుత్తి, నూనె, రెండు రోజుల ఓపిక ఖర్చయ్యాక డ్రమ్ము ఊడింది. బ్రేకు షూలను (డ్రమ్మును లోపలినుంచి ఒరిసి ఆపే పట్టీలు) నెట్టే రెండు వీల్ సిలిండర్లలోనూ పిస్టన్లు తుప్పుతో అతుక్కుపోయాయి. సిలిండర్లు, షూలు, స్ప్రింగులు కొత్తవి వేసి, డాట్ 3 బ్రేకు ఆయిలు పోసి గొట్టాల్లోని గాలి తీశాను. అయినా నాలుగు కిలోమీటర్లు వెళ్లేసరికి డ్రమ్ముపై నీటిచుక్క చుయ్యిమంటోంది. షూలను కాస్త వదులు చేసినా అంతే. బ్లీడర్ నిపుల్ (గాలి తీసే చిన్న మర) విప్పగానే ఆయిలు చిమ్మి, చక్రం తేలిగ్గా తిరుగుతోంది. కుడి చక్రానికి ఏ ఇబ్బందీ లేదు. పైకి బాగానే కనిపిస్తోందని ఎడమ చక్రానికి ఆయిలు తెచ్చే పాత రబ్బరు గొట్టం మాత్రం మార్చలేదు. మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిలును చక్రాలకు నెట్టేది) విప్పే ముందు అడుగుతున్నాను: ఆ గొట్టమే లోపల ఉబ్బి ఆయిలును వెనక్కి పోనివ్వడం లేదా?