గిరాకీ ఉంది, గల్లా ఖాళీ: వెల్డింగ్ షాపు ఎట్లా నిలబెట్టాలి?

అందరికీ నమస్తే. మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. మా తమ్ముడు సొంతంగా వెల్డింగ్ షాపు పెట్టుకున్నాడు, గేట్లు, కిటికీ గ్రిల్స్, ట్రాక్టర్ కేజ్ వీల్స్ (దమ్ము చేసేటప్పుడు బిగించే ఇనుప చక్రాలు) రిపేర్లు చేస్తాడు, పనితనం గురించి ఇప్పటిదాకా ఎవరూ ఒక్క మాట అనలేదు. సమస్యల్లా ఉద్దెర. ఇనుము, రాడ్లు నగదు పెట్టి తేవాలి, కానీ నాట్ల టైంలో కేజ్ వీల్ అతికించుకుపోయిన రైతు, ఐకేపీ సెంటర్లో (సర్కారు వడ్ల కొనుగోలు కేంద్రం) వడ్లు కాంటా అయ్యి పైసలు పడ్డాకే ఇస్తాడు, అంటే నాలుగైదు నెలలు. పాపం ఆయన మాత్రం ఎక్కడి నుంచి తెస్తాడు? ఈలోపు అద్దె, కరెంటు బిల్లు, హెల్పర్ కూలీ ఆగవు కదా. ఖాతా నోట్‌బుక్ చూస్తే లాభమే, గల్లాలో ఏమీ ఉండదు.

ఇప్పుడు ముద్ర కిశోర్ లోన్ (చిన్న వ్యాపారాలకు కేంద్ర పథకం కింద బ్యాంకు ఇచ్చేది, 5 లక్షల వరకు ఇస్తారు) తీసుకుందామంటున్నాడు. నాకు ఒకటే టెన్షన్, పంటకొకసారి వచ్చే డబ్బుతో నెలనెలా కిస్తీ ఎట్లా కడతాడు?

నల్లగొండ, పాలమూరు వైపు ఇట్లాంటి షాపు ఏళ్లుగా నడుపుతున్నవాళ్లు దయచేసి చెప్పండి. తెలిసిన ఊరివాళ్లను అడ్వాన్స్ ఎట్లా అడిగారు, గిరాకీ పోలేదా? టర్మ్ లోన్ (ఒకేసారి తీసుకుని కిస్తీల్లో కట్టేది) కాకుండా క్యాష్ క్రెడిట్ (లిమిట్ లోపల అవసరమైనప్పుడు తీసుకుని, వచ్చినప్పుడు కట్టేది) అయితే వాడుకున్నదానికే వడ్డీ పడుతుంది కదా, ఇంత చిన్న షాపుకు బ్యాంకు వాళ్లు ఇస్తున్నారా?