అప్‌డేట్: వలసకాలపు అమెరికా పత్రికలలో ఊరి వార్తలు ఎక్కడ?

బ్రిటిష్ వలసపాలనలోని అమెరికా పత్రికలలో లండన్ వార్తలే నిండి, స్థానిక జీవితం ఎందుకు కనిపించదని గత నెల అడిగాను. సూచనలు ఇచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. అప్పటి నుండి పాత ప్రతులను చదువుతూ నాకు దొరికిన సమాధానం చెబుతున్నాను.

1704లో పోస్టుమాస్టర్ జాన్ క్యాంప్‌బెల్ ప్రారంభించిన 'బోస్టన్ న్యూస్-లెటర్' వారపత్రిక. చిన్న పట్టణంలో జరిగిన సంగతి అచ్చయ్యేలోపే నోటిమాటగా అందరికీ చేరిపోయేది కనుక, ఓడలు వారాల తరబడి ప్రయాణించి మోసుకొచ్చిన లండన్ కబుర్లకే అచ్చులో విలువ ఉండేది. అంతకుముందు, 1690లో బోస్టన్‌లోనే బెంజమిన్ హ్యారిస్ వెలువరించిన పత్రికలో, చదివినవారు తమకు తెలిసిన వార్తలు రాసుకునేందుకు నాలుగో పేజీని ఖాళీగా వదిలారు. అనుమతి లేదన్న కారణంతో ప్రభుత్వం దానిని మొదటి సంచికతోనే ఆపివేసింది.

నేను వెతికిన నిత్యజీవితం వార్తలలో కాదు, ప్రకటనలలో ఉంది. ఓడలో దిగిన బట్టలు, పొగాకు, తప్పిపోయిన గుర్రాలు, అద్దె ఇళ్లు అన్నీ అక్కడే ఉన్నాయి. పారిపోయిన బానిసలను పట్టివ్వమని యజమానులు వేయించిన ప్రకటనలను మాత్రం త్వరగా దాటలేకపోయాను. వారు తొడుక్కున్న చొక్కా, ఒంటిపై మచ్చలు, మాట్లాడే భాషలు, తెలిసిన చేతిపని వరకు వివరంగా రాయడం వల్ల, పట్టుకోవడానికి రాసిన ఆ నాలుగు వాక్యాలే చాలామంది గురించి మిగిలిన ఏకైక ఆధారమయ్యాయి. 1729 నుండి బెంజమిన్ ఫ్రాంక్లిన్ నడిపిన 'పెన్సిల్వేనియా గెజెట్' కూడా ఇటువంటి ప్రకటనలకు డబ్బు తీసుకుంది. ఇది చదివి నిజంగా బాధపడ్డాను.

ఇప్పుడు 1765 నాటి స్టాంపు చట్టం పత్రికలపై మోపిన పన్ను గురించి చదువుతున్నాను.